అటకకీ గోడలకీ స్ప్రే ఫోమ్ కొట్టించే ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాత చెక్క ఫ్రేము ఇల్లు, రెండంతస్తులు, పై గదులు ఎండాకాలంలో ఉడికిపోతున్నాయి, చలికాలంలో హీటర్ ఆపిన గంటకే చల్లబడిపోతున్నాయి. కాంట్రాక్టరు వచ్చి చూసి, అటకలో కప్పు లోపలి వైపు మొత్తం 3 అంగుళాల క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ (ద్రవంగా కొడితే పొంగి ఆరిపోయి వేడినీ గాలినీ ఆపే పదార్థం; క్లోజ్డ్ సెల్ అంటే అందులో గట్టి రకం, ఓపెన్ సెల్ అంటే మెత్తటి రకం) కొడతానన్నాడు, గోడలకి బయటి నుంచి బెజ్జాలు పెట్టి వాటిలోనూ ఫోమ్ నింపేస్తానన్నాడు. గ్యాసు వాటర్ హీటర్ అటకలోనే ఉంది. ఇదంతా చేయించుకోవచ్చా, ఓపెన్ సెల్ మంచిదా క్లోజ్డ్ సెల్ మంచిదా, ఆ వాసనకి పిల్లలకి ఏమైనా అవుతుందా అన్నది మీ ప్రశ్న.

ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఫోమ్ చెడ్డదని చెప్పడం లేదు. నేను చాలా ఏళ్లు ఫోమ్ కొట్టే పనిలోనే ఉన్నాను, ఇప్పుడు ఇళ్లలో గాలి లీకులు పరీక్షించే పని చేస్తున్నాను, సరైన చోట సరిగ్గా కొట్టిన ఫోమ్‌ ఎంత బాగా పనిచేస్తుందో దగ్గరి నుంచి చూశాను. కానీ అది ఒకసారి చెక్కకి పట్టుకుందంటే మళ్లీ వదలదు. ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) నచ్చకపోతే చుట్టి బయట పడేయొచ్చు, సెల్యులోజ్‌ని (కాగితపు పీచుని) పైపు పెట్టి పీల్చేయొచ్చు, ఫోమ్‌ని మాత్రం గీకాలి, కోయాలి, కొన్నిచోట్ల కప్పు పలకతో సహా పీకాలి. అందుకే కొట్టే ముందే అన్నీ తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు వాటర్ హీటర్ సంగతి, ఎందుకంటే అది ప్రాణాలకి సంబంధించింది. మామూలు గ్యాసు హీటర్ మండటానికి కావలసిన గాలిని తన చుట్టూ ఉన్న చోటు నుంచే తీసుకుంటుంది, పొగ దానంతటదే గొట్టంలోంచి పైకి పోతుంది. ఇప్పుడు మీ అటకలో చూరు కింద వెంట్లు ఉన్నాయి కాబట్టి దానికి గాలికి లోటు లేదు. కప్పు కింద ఫోమ్ కొట్టి వెంట్లన్నీ మూసేశారంటే ఆ గాలి ఆగిపోతుంది, కింద బాత్రూం ఫ్యానో వంటగది చిమ్నీనో వేసినప్పుడు ఇంట్లో ఒత్తిడి తగ్గి, పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. కాబట్టి కప్పు కింద ఫోమ్ అనుకుంటే ముందు ఆ హీటర్ తీసేసి, బయటి గాలిని నేరుగా పైపుతో తీసుకునే సీల్డ్ కంబషన్ రకమో, కరెంటుతో నడిచేదో పెట్టించాలి. మీ కాంట్రాక్టరు అటకలోకి వెళ్లి ఆ హీటర్‌ని కళ్లారా చూసి కూడా ఈ మాట ఎత్తలేదంటే నాకు అతని మిగతా లెక్కల మీద కూడా నమ్మకం కలగడం లేదు. ఏది చేయించినా చేయించకపోయినా పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈ వారమే పెట్టించండి.

ఇక అసలు విషయం. ఫోమ్ అమ్మేవాళ్లు అందరూ ఆర్-వాల్యూ గురించి మాట్లాడతారు, అంటే వేడిని ఎంత అడ్డుకుంటుంది అనే అంకె. కానీ ఫోమ్‌కి ఉన్న పెద్ద బలం అది కాదు, గాలిని ఆపడం. పాత ఇళ్లలో పై గదుల బాధకి ఇన్సులేషన్ పలచగా ఉండటం ఎంత కారణమో, సందుల్లోంచి గాలి పోవడం కూడా అంతే కారణం, కొన్ని ఇళ్లలో ఇదే ఎక్కువ. చలికాలంలో వేడిగాలి తేలిక కాబట్టి పైకి ఎగబాకి అటకలోకి జారుకుంటుంది, పోయిన దాని స్థానంలో కింది నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మీ అటకలో నేల మీద పరిచిన పాత ఫైబర్‌గ్లాస్‌ని అక్కడక్కడా ఎత్తి చూడండి. కొన్నిచోట్ల అడుగున నల్లటి మరకలు కనబడతాయి. చాలామంది దాన్ని బూజు అనుకుంటారు, నిజానికి చాలావరకు అది దుమ్ము. ఇంట్లోంచి పైకి పోయే గాలిని ఏళ్ల తరబడి ఆ ఫైబర్‌గ్లాస్ వడకట్టగా పట్టిన దుమ్ము. ఎక్కడ మరక ఉందో సరిగ్గా దాని కిందే ఒక సందు ఉంటుంది: లోపలి గోడ పై పట్టీలో కరెంటు తీగ కోసం వేసిన బెజ్జం, డ్రైనేజీ గాలి గొట్టం చుట్టూ వదిలేసిన అరచెయ్యంత ఖాళీ, బాత్రూం మీద తక్కువ ఎత్తులో వేసిన సీలింగ్ వెనక ఏకంగా మనిషి దూరేంత గుంత. ఈ మరకలే మీకు మ్యాపు, ఒక చాక్‌పీసు పట్టుకుని అన్నీ గుర్తు పెట్టుకోండి.

అప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ ఇంటికి గాలి ఆగే హద్దు ఎక్కడ ఉండాలి, అటక నేల దగ్గరా, కప్పు వాలు దగ్గరా? రెండూ కాదు, ఏదో ఒకటి. ఇది తేలితే ఏ ఫోమ్, ఎంత మందం అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

అటకలో ఏసీ డక్టులు, ఏసీ యంత్రాలు లేకపోతే, దాన్ని గదిగా వాడే ఆలోచన కూడా లేకపోతే, నా సలహా ఎప్పుడూ నేల దగ్గరే. కప్పు వాలు విస్తీర్ణం నేల కంటే ఎక్కువ, పైగా వాలు మీద ఫోమ్ కొడితే ఎవరూ ఉండని ఆ ఖాళీ చోటుని కూడా మీరు వేడిచేస్తూ, చల్లబరుస్తూ ఉండాలి. నేల దగ్గర అయితే పని సులువు, ఖర్చూ తక్కువ. పాత ఇన్సులేషన్ పక్కకి తోసి, చాక్‌పీసుతో గుర్తు పెట్టిన ప్రతి సందునీ గన్‌కి బిగించే డబ్బా ఫోమ్‌తో మూయాలి, పెద్ద గుంతల మీద గట్టి ఫోమ్ బోర్డో జిప్సం ముక్కో కోసి పెట్టి అంచుల్లో ఫోమ్ కొట్టాలి, ఆ తర్వాత పైన సెల్యులోజో ఫైబర్‌గ్లాస్ పీచో 14, 16 అంగుళాల మందాన ఊదించాలి. అది ఆర్-50 దాకా వస్తుంది. అంత ఆర్-వాల్యూ క్లోజ్డ్ సెల్ ఫోమ్‌తో రావాలంటే 8 అంగుళాలు కొట్టాలి, ఎవరూ కొట్టరు.

నేల దగ్గర చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. పొగ పైకి పోయే ఇటుక చిమ్నీ చుట్టూ ఉన్న ఖాళీని ఫోమ్‌తో మూయకూడదు, ఫోమ్ మండే పదార్థం. అక్కడ రేకు కోసి వేసి, అంచుల్లో వేడికి తట్టుకునే సీలెంట్ పెట్టాలి, ఇన్సులేషన్ దాన్ని తాకకుండా చుట్టూ రేకుతో కట్టలా కట్టాలి. హీటర్ పొగ గొట్టం దగ్గర కూడా ఇదే పద్ధతి, ఎంత దూరం వదలాలో గొట్టం మీదే రాసి ఉంటుంది. సీలింగ్‌లోకి దించిన లైట్లు పాతవైతే వాటిమీద ఇన్సులేషన్ కప్పకూడదు, కప్పినా ఫరవాలేదని రాసి ఉన్న సీల్డ్ రకానికి మార్పించుకోవాలి. బాత్రూం ఫ్యాను గాలి అటకలోకి వదిలేసి ఉంటే, చాలా ఇళ్లలో అలాగే ఉంటుంది, దాన్ని కప్పు బయటికి తీయించండి. చూరు వైపు వాసాల మధ్య గాలి ఆడేలా బాఫిల్స్ (గాలికి దారి వదిలే పలుచటి పలకలు) పెట్టకుండా పీచు ఊదితే వెంట్లు పూడుకుపోతాయి. ఇంత చేసి చివర్లో అటకలోకి ఎక్కే మూతని మర్చిపోతారు. ఆ ఒక్క పలుచటి చెక్క ముక్క దగ్గర రబ్బరు పట్టీ, మీద ఇన్సులేషన్ లేకపోతే చేసిన పనిలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే కారిపోతుంది.

మరి కప్పు వాలుకి ఫోమ్ ఎప్పుడు కొట్టించాలి? డక్టులు, ఏసీ యూనిట్ అటకలోనే ఉండి, వాటిని కిందికి దించడం కుదరనప్పుడు. ఎండాకాలంలో వెంట్లు ఉన్న అటక 50 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే, ఆ వేడిలోంచి పలుచటి డక్టులో చల్లగాలి పంపడం అంటే డబ్బు ఆవిరి చేసుకోవడమే. అలాంటి ఇళ్లలో వాలుకి ఫోమ్ కొట్టి అటకని ఇంట్లో భాగం చేసేస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. కప్పు చాలా మెలికలు తిరిగి, నేల దగ్గర హద్దు గీయడం అసాధ్యమైన ఇళ్లలో కూడా ఇదే దారి. అలా చేసేటప్పుడు చూరు వెంట్లు, వెన్నుగాడి (కప్పు వాలులు కలిసే పైకొస) దగ్గరి వెంట్లు, గోడకి ఉన్న జాలీలు అన్నీ పూర్తిగా మూయాలి. ఒక్క పక్క తెరిచి ఉన్నా బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, ఇక ఫోమ్ కొట్టీ ప్రయోజనం ఉండదు. నేల మీది పాత ఇన్సులేషన్ కూడా తీసేయించండి. అది అక్కడే ఉంటే కింది వేడి అటకకి అందక పైన పలకలు చల్లబడతాయి, తేమ అక్కడ పేరుకుంటుంది.

తేమ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపెన్ సెల్, క్లోజ్డ్ సెల్ తగాదా తేలేది ఇక్కడే. రెండూ పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్కే. ఓపెన్ సెల్ తేలిక, ఘనపు మీటరుకి సుమారు 8 కిలోలు, కొట్టగానే దాదాపు 100 రెట్లు పొంగుతుంది, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. అంగుళానికి ఆర్-3.6 దాకా ఇస్తుంది. క్లోజ్డ్ సెల్ దానికి నాలుగింతల బరువు, ఘనపు మీటరుకి 32 కిలోల దాకా, తక్కువ పొంగుతుంది, గోరు దిగనంత గట్టిగా ఉంటుంది, అంగుళానికి ఆర్-6 నుంచి 7. ఇవన్నీ అంగుళాల లెక్కలో చెప్పే ఆర్ అంకెలు, మెట్రిక్‌లో చెప్పే దేశాల్లో ఈ అంకెని సుమారు 5.7తో భాగించుకోవాలి. తగినంత మందం ఉంటే గాలిని రెండూ ఆపుతాయి. నీటి ఆవిరి విషయంలోనే తేడా: క్లోజ్డ్ సెల్ 2 అంగుళాలు ఉంటే ఆవిరిని కూడా చాలావరకు ఆపేస్తుంది, ఓపెన్ సెల్‌లోంచి ఆవిరి ధారాళంగా దూరిపోతుంది.

ఇంట్లో 21 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలి సుమారు 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా దాని మీద నీళ్లు పడతాయి. చలి దేశంలో రాత్రి మీ కప్పు పలక సున్నాకి దిగువన ఉంటుంది. ఓపెన్ సెల్ ఒక్కటే కొడితే ఇంట్లోని ఆవిరి ఫోమ్ దాటుకుని ఆ పలక దగ్గరికి చేరి నీరవుతుంది, అది కూడా ఎక్కువగా వెన్నుగాడి దగ్గర, ఎందుకంటే తేమగాలి తేలికగా ఉండి పైకి చేరుతుంది. అటువంటి కప్పుల్లో కింద చూరు వైపు చెక్క ఎండుగా ఉండి, పైకొసన మీటర్ పెడితే 25 శాతం, 30 శాతం తేమ చూపించడం నేను చూశాను, చెక్క రంగు మారి, స్క్రూడ్రైవర్ మొన నొక్కితే దిగిపోతుంది. అందుకని గట్టి చలి ఉండే చోట కప్పు వాలుకి క్లోజ్డ్ సెల్లే కొట్టించండి, లేదా పలకకి ఆనించి 2, 3 అంగుళాలు క్లోజ్డ్ సెల్ కొట్టి, దానిమీద మిగతా మందం వేరేదానితో నింపించండి. వేడిగా, ఉక్కగా ఉండే చోట ఓపెన్ సెల్ పనిచేస్తుంది, కానీ అక్కడ కూడా మూసేసిన అటకలో తేమ పేరుకుంటుంది. అటకలోకి ఏసీ గాలి కొంచెం వదలాలి, లేదా డీహ్యూమిడిఫైయర్ పెట్టాలి. ఈ మాట కొట్టేవాళ్లు చెప్పరు, ఏడాది తర్వాత అటకలో ముక్కిన వాసన వస్తోందని ఇంటివాళ్లే ఫోన్ చేస్తారు.

క్లోజ్డ్ సెల్‌కి ఉన్న లోపం ఏంటంటే కప్పు కారితే తెలియదు. నీళ్లు ఫోమ్‌కీ పలకకీ మధ్యే తిరిగి చెక్కని నానబెడతాయి, కింద చుక్క పడేసరికి లోపల పుచ్చిపోయి ఉంటుంది. ఓపెన్ సెల్ అయితే నీళ్లు కిందికి దిగి మరక కనబడుతుంది. ఏ ఫోమ్ అయినా కప్పు పైభాగం పాతబడి ఉంటే ముందు దాన్ని మార్పించుకుని తర్వాత కొట్టించండి. మరొక మాట: పలకలు లేకుండా వాసాల మీద షీటు పరిచి నేరుగా పెంకులు పరిచిన కప్పులు ఉంటాయి, వాటికి లోపలి నుంచి ఫోమ్ కొట్టించకండి. పెంకులు అతుక్కుపోతాయి, వాసాలకి గాలి ఆడదు, రేపు ఒక పెంకు మార్చాలన్నా కష్టమే. బ్రిటన్‌లో ఇలాంటి ఇళ్లకి ఫోమ్ ఉందని తెలియగానే అప్పు ఇవ్వడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోకపోవడం, అమ్ముకోలేక జనం ఇబ్బంది పడటం అందరికీ తెలిసిన సంగతే.

ఇక "3 అంగుళాలు చాలు, అంతకు మించి కొట్టినా తేడా ఉండదు" అన్న మాట. ఇది నేను ప్రతి చోటా వింటున్నాను. 3 అంగుళాల క్లోజ్డ్ సెల్ అంటే సుమారు ఆర్-20. ఆర్-20 నుంచి ఆర్-40కి వెళ్తే ఆ భాగంలోంచి పోయే వేడి సరిగ్గా సగానికి తగ్గుతుంది, అది తేడా కాకుండా ఎలా ఉంటుంది? మొదటి అంగుళం ఇచ్చినంత లాభం పదో అంగుళం ఇవ్వదన్నది నిజమే, దాన్ని సాకుగా పెట్టుకుని కోడ్ (ఇళ్ల నిర్మాణ నియమాలు) అడిగిన మందంలో సగం కొట్టి పూర్తి డబ్బు తీసుకోవడం సరికాదు. మీ ప్రాంతం కోడ్ కప్పుకి ఎంత అడుగుతుందో చూసుకుని, ఆ అంకెని కాగితం మీద రాయించుకోండి. "సగటున" అన్న మాట ఒప్పుకోవద్దు, "ఎక్కడ కొలిచినా కనీసం" అని రాయించండి.

గోడలకి వస్తే, మూసి ఉన్న గోడల్లో బెజ్జాలు పెట్టి ఫోమ్ నింపించడానికి నేను ఒప్పుకోను. అటకలో కొట్టే ఫోమ్ వేరు, గోడలో పోసేది వేరు, అది నెమ్మదిగా పొంగే రకం. లోపల ఏ అడ్డు చెక్క ఉందో, ఏ తీగ ఎక్కడ తిరిగిందో కనబడదు. ఒకచోట నిండక ఖాళీ మిగులుతుంది, ఒకచోట ఎక్కువై జిప్సం బోర్డు ఉబ్బుతుంది, రెండూ బయటికి తెలిసేసరికి మనుషులు వెళ్లిపోయి ఉంటారు. ఇంకోటి, గోడలో పోసే ఫోమ్ అన్నప్పుడు అది ఏ రసాయనమో అడగండి. 1970ల్లో గోడల్లో యూరియా ఫార్మాల్డిహైడ్ ఫోమ్ విపరీతంగా పోశారు, ఫార్మాల్డిహైడ్ వాయువు విడుదలవుతోందని 1980లో కెనడా దాన్ని నిషేధించింది. నేటి పాలీయురేథేన్ అది కాదు, కానీ ఆ కుటుంబానికి చెందిన పోసే ఫోములు ఇంకా అమ్ముడవుతున్నాయి, అవి ఆరాక కుంచించుకుపోయి స్టడ్స్ (గోడలోని నిలువు చెక్కలు) పక్కన సందు మిగులుస్తాయి. మూసిన గోడలకి నా ఎంపిక గట్టిగా కూరిన సెల్యులోజ్. పైపు గోడలో పూర్తిగా దించి, ఘనపు మీటరుకి 55 కిలోల దాకా వచ్చేలా కూరితే అది కిందికి జారదు, గాలినీ బాగా తగ్గిస్తుంది, ఎక్కడైనా తేడా వస్తే బయటికి తీయొచ్చు. దీనికి కూడా ముందు వైరింగ్ చూపించుకోవాలి. పింగాణీ గుబ్బల మీద విడివిడిగా నడిచే పాతకాలపు తీగలు గోడల్లో ఉంటే వాటిని మార్చేదాకా ఏ ఇన్సులేషన్ కూడా నింపకూడదు, అవి గాలికి చల్లబడేలా వేసినవి.

రిపేర్ల కోసం గోడ ఎలాగూ విప్పితే అప్పుడు ఫోమ్ గురించి ఆలోచించొచ్చు, కానీ ఒక లెక్క చూడండి. మూడున్నర అంగుళాల లోతున్న గోడలో స్టడ్స్, పై పట్టీలు, కింది పట్టీలు, కిటికీల చుట్టూ చెక్కలు అన్నీ కలిపితే విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు చెక్కే, దాని విలువ ఆర్-4.4. మిగతా మూడు వంతుల్లో ఆర్-13 ఓపెన్ సెల్ నింపితే మొత్తం కలిపి ఆ పొరకి సుమారు ఆర్-8.7 వస్తుంది. ఖర్చు చాలా పెంచుకుని 3 అంగుళాల క్లోజ్డ్ సెల్, అంటే ఆర్-19.5, కొట్టిస్తే వచ్చేది ఆర్-10.5. అంతే. చెక్కలోంచి పోయే వేడి ఎలాగూ పోతూనే ఉంది. అదే మొదటి గోడకి బయటి నుంచి ఆర్-5 ఉన్న ఒక అంగుళం బోర్డు చెక్కల మీదుగా పరిస్తే ఆర్-13.7 అవుతుంది. గోడల బయటి పూత లేదా పలకలు మార్చే పని మీకు ఐదారేళ్లలో ఉంటే గోడల సంగతి అప్పటిదాకా ఆపండి, బయటి నుంచి బోర్డు పరిపించుకోండి. ఇప్పుడే విప్పి ఉంటే మాత్రం ఓపెన్ సెల్ చాలు, చలి గట్టిగా ఉండే చోట దానికి లోపలి వైపు ఆవిరిని తగ్గించే పొర గానీ పెయింటు గానీ కావాలి. కొట్టే ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫోటో తీసిపెట్టుకోండి, రేపు కొత్త తీగ లాగాల్సి వస్తుందనుకున్న చోట ఖాళీ పైపు వేసి ఉంచండి, ఫోమ్ నిండాక తీగ లాగడం కుదరదు.

సరే, ఇంతా ఆలోచించి ఫోమే అనుకున్నారు. అప్పుడు అంతా ఆ రోజు గన్ పట్టుకున్న మనిషి మీద ఉంటుంది. ఫోమ్ ఫ్యాక్టరీలో తయారై రాదు, మీ అటకలోనే తయారవుతుంది. రెండు డ్రమ్ములు, ఒకదాంట్లో ఎండీఐ అనే ఐసోసయనేట్, ఇంకోదాంట్లో పాలియాల్, క్యాటలిస్టులు, మంటని తగ్గించే రసాయనాలు, పొంగించే పదార్థం. వేడిచేసిన పైపుల్లో 50, 60 డిగ్రీల దగ్గర వచ్చి గన్ మొన దగ్గర సరిసమానంగా కలవాలి. ఆ సమానం తప్పితే గొడవే. ఐసోసయనేట్ ఎక్కువైతే ఫోమ్ పెళుసుగా, వేళ్లతో నలిపితే పొడి అయ్యేలా ఉంటుంది. పాలియాల్ ఎక్కువైతే జిగటగా, మెత్తగా, చేపల కంపుతో ఉంటుంది, ఆ కంపు నెలలు గడిచినా పోదు. చెక్క తేమ 19 శాతం దాటితే పట్టదు, చెక్క బాగా చల్లగా ఉన్నా పట్టదు, కొన్నాళ్లకి వాసం పక్కన వెంట్రుకంత సందు విడుస్తుంది, గాలి మళ్లీ అక్కడి నుంచే. కొట్టే ముందు వాళ్లు చెక్కకి తేమ మీటర్ గుచ్చుతున్నారా లేదా చూడండి, మొదట ఒక అట్టముక్క మీదో ప్లాస్టిక్ మీదో కొట్టి చూసుకుంటున్నారా చూడండి. ఈ రెండూ చేసేవాళ్లు చాలావరకు మిగతావీ సరిగ్గా చేస్తారు.

క్లోజ్డ్ సెల్‌ని ఒకే దెబ్బకి మందంగా కొట్టకూడదు. పొంగేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది, మామూలుగా ఒక పొర 2 అంగుళాలు, అది చల్లారాకే రెండోది. తొందరపడి ఒకేసారి నింపితే లోపల మాడి గోధుమరంగుకి తిరుగుతుంది, వాసన పట్టేస్తుంది, అలా నిప్పంటుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. పొర ఎంత, మధ్యలో ఎంతసేపు ఆగాలి అన్నది కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో ఉంటుంది, అది ముందే తెప్పించుకుని చదవండి. పొంగించే పదార్థం ఏమిటో కూడా అందులోనే ఉంటుంది. పాత హెచ్‌ఎఫ్‌సీ రకాలు వాతావరణాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్ల దాకా వేడెక్కిస్తాయి, కొత్త హెచ్‌ఎఫ్‌ఓ రకాల్లో ఆ బాధ దాదాపు లేదు. కొత్తదే అడగండి. పని అయ్యాక సన్నటి ఇనుప చువ్వ తీసుకుని మీరే పదిపదిహేను చోట్ల గుచ్చి మందం కొలవండి, మూలల్లో, వాసం పక్కన, చూరు దగ్గర ఇరుకులో, వాళ్లు పడుకుని కొట్టాల్సిన చోట మరీ ముఖ్యంగా.

పిల్లల గురించి అడిగారు. కొట్టేటప్పుడు గాలిలో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకి పడకపోతే ఆస్తమా తెప్పిస్తుంది, ఒకసారి శరీరానికి అలర్జీ పట్టుకుంటే తర్వాత అతి కొద్దిగా తగిలినా దాడి చేస్తుంది. అందుకే కొట్టేవాళ్లు బయటి నుంచి గాలి వచ్చే మాస్కు, ఒళ్లంతా కప్పే సూటు వేసుకోవాలి. మీరు, పిల్లలు, పెంపుడు జంతువులు ఇంట్లో ఉండకూడదు, పక్క గదిలో తలుపేసుకుని ఉండటం కూడా కుదరదు. ఏసీ, హీటింగ్ ఆపి గాలి వచ్చే గ్రిల్స్‌కి ప్లాస్టిక్ అతికించాలి, ఫ్యాన్ పెట్టి అటక గాలిని బయటికి తోస్తూనే ఉండాలి. చాలా కంపెనీలు కనీసం 24 గంటల తర్వాత రమ్మంటాయి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే నేను రెండు మూడు రోజులు ఆగమంటాను. సరిగ్గా కలిసి సరిగ్గా ఆరిన ఫోమ్ వారం తిరిగేసరికి వాసన రాకూడదు. ఇంకా వస్తోందంటే అత్తరు చల్లి సర్దుకోవద్దు, ఆ చోటు నుంచి ముక్క కోయించి పరీక్ష చేయించండి, చెడిన భాగం తీయించండి.

ఫోమ్‌ని అలా బయటికి కనబడేలా వదలకూడదు. అందులో మంటని తగ్గించే రసాయనాలు ఉన్నా అది మండుతుంది, దట్టమైన పొగ వస్తుంది. మనుషులు ఉండే వైపు అర అంగుళం జిప్సం బోర్డు ఉండాలి. అటకలో సామాను పెట్టకుండా, రిపేరుకి తప్ప ఎక్కకుండా ఉంటే కొన్ని కోడ్‌లు పరీక్ష చేసిన మంట నిరోధక పూతని ఒప్పుకుంటాయి. ఆ పూత ఖర్చు మీ కొటేషన్‌లో ఉందా లేదా చూసుకోండి, చాలాసార్లు ఉండదు.

పని ముందూ తర్వాతా బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించుకోండి. వీధి తలుపుకి ఫ్యాను బిగించి ఇంటిని 50 పాస్కల్స్ ఒత్తిడిలో పెట్టి ఎంత గాలి లీకవుతోందో కొలుస్తారు. జిప్సం బోర్డు వేయకముందే, ఫోమ్ వాళ్లు ఇంకా ఊళ్లో ఉండగానే రెండోసారి చేయిస్తే, మిగిలిన సందు దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది, అక్కడికక్కడే మూయించొచ్చు. ఇల్లు బాగా బిగుసుకుందని తేలితే ఇంటికి మంచిగాలి వచ్చే ఏర్పాటు కావాలి, కనీసం నిరంతరం నెమ్మదిగా తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను, వీలైతే పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే వెంటిలేటర్. లేకపోతే చలికాలంలో కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి, జనం దాన్ని ఫోమ్ తప్పు అంటారు.

మీ ఇంటికి నేను చెప్పేది ఇది: కప్పు కింద ఫోమ్ కొట్టించకపోయినా వాటర్ హీటర్ మార్చుకోవడమే మంచిది, అటక నేల సందులు మూసి పైన పీచు ఊదించండి, గోడలకి సెల్యులోజ్ కూరించండి. స్ప్రే ఫోమ్‌కి మీ ఇంట్లో నిజంగా పని ఉన్న చోటు ఒకటుంది, కింద పునాది గోడ మీద మొదటి అంతస్తు దూలాల చివర్లు ఆనే అంచు పలక దగ్గర, రిమ్ జాయిస్ట్ అంటారు. గాలి పైకి పోవడం ఎంత నిజమో, లోపలికి రావడం అక్కడి నుంచే ఎక్కువ. ప్రతి గడిలో 2 అంగుళాల క్లోజ్డ్ సెల్ కొడితే ఆ చోటు గాలికీ, తేమకీ, చలికీ ఒకేసారి మూసుకుంటుంది, ఇంకే పదార్థంతోనూ అంత శుభ్రంగా కుదరదు. పునాది గోడ తడిగా ఉంటే మాత్రం ముందు ఆ తడి సంగతి చూడాలి. చిన్న పని కాబట్టి రెండు సిలిండర్ల కిట్ తెచ్చుకుని మీరే కొట్టుకోవచ్చు, అయితే జాగ్రత్తలు అవే: ఇల్లు ఖాళీ, బయటికి తోసే ఫ్యాను, ఐసోసయనేట్‌కి పనికొస్తుందని కిట్ కంపెనీ చెప్పిన మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు. సిలిండర్లు చల్లగా ఉంటే పాళ్లు తప్పుతాయి, ముందురోజు నుంచే వెచ్చటి గదిలో ఉంచండి. మొదట వచ్చేది చెత్త సంచిలోకి కొట్టి, రంగూ పొంగూ సమంగా వచ్చాకే పలక మీదికి తిప్పండి. కాసేపు ఆపితే నాజిల్ గడ్డకట్టేస్తుంది కాబట్టి ఏ గడి తర్వాత ఏ గడి అన్నది ముందే అనుకుని, అదనపు నాజిళ్లు జేబులో పెట్టుకుని మొదలుపెట్టండి.